రుమాలు కింద చెయ్యి

ఈ రోజు నాన్నకు జ్వరమని ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పసుపు అమ్మడానికి నేనే వెళ్లాను. అక్కడ ధర నోటితో చెప్పరు. రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. నన్నెవరైనా ముట్టుకుంటే బిగుసుకుపోతాను. హైదరాబాద్ డాక్టర్ నాకున్నదాన్ని ఆస్పర్జర్స్, అంటే ఒక రకం ఆటిజం, అన్నాడు. చెయ్యి లాక్కుంటే బేరం చెడుతుంది.

పసుపు కొనే సేటు రుమాలు కింద నా వేళ్లు నొక్కుతూ, "మొన్న నాటకంల రాజు ఏషమేసి గంత గర్జించినవ్. గిప్పుడు మాటస్తలేదేంది?" అన్నాడు.

"స్టేజి మీద ఎవలు ఎప్పుడు పట్టుకుంటరో ముందే తెలుస్తది సేట్. గీడ తెల్వది. జర ఇడువు."

సేటు పడిపడి నవ్వాడు. "మస్తు యాక్టింగ్ చేస్తున్నవ్," అంటూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

రోజంతా అందరిలాగే ఉన్నట్టు నటించాను; నటించనిది 'ఇడువు' అన్న ఆ ఒక్క మాటే. మీరైతే నమ్మేవారా?