పొంగు మీద ఆముదం

1976 వేసవిలో, కొండపల్లి దారిలోని ఒక ప్రైవేటు కర్మాగారంలో నేను జూనియర్ కెమిస్టుగా చేరాను. అక్కడ మేము పెంచింది బాసిల్లస్ అనే బాక్టీరియాని. పెరుగుతూ అది సబ్బులా పనిచేసే పదార్థాన్ని వదులుతుంది. డీజిల్ ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డిని దానితో వదిలించవచ్చని మా విభాగాధిపతి మేరీ సుగుణ గారి నమ్మకం. అప్పట్లో మనుషులే లోపలికి దిగి, డీజిల్ ఆవిర్లలో దాన్ని గీకేవారు.

రెండు బ్యాచులు దెబ్బతిన్నాయి. మూడోదీ పోతే విభాగం మూసేస్తామని గవర్నర్‌పేట హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. మేరీ గారు లెక్చరరు ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి.

పరీక్ష తేలికే. పళ్ళెంలో నీళ్ళు, వాటి మీద డీజిల్ పొర, నడుమ ఒక చుక్క మా సరుకు, అంటే ఆ సబ్బులాంటి పదార్థం. సరుకు మంచిదైతే డీజిల్ అంచులకు జరుగుతుంది. మా డీజిల్ కదిలితే ఒట్టు.

ఆపరేటర్ వెంకట్రావు గారిది ఉయ్యూరు వైపు బెల్లం వండే కుటుంబం. పెనం పొంగితే వాళ్ళు కాస్త ఆముదం చిలకరిస్తారు, నురగ అణుగుతుంది. బాక్టీరియాని పెంచే మూసిన ఉక్కు పాత్ర, ఫెర్మెంటర్, పొంగినా ఆయన అదే చేసేవారు. ఆ పరిశ్రమలో అది రివాజే.

మూడో బ్యాచు నాటి మధ్యాహ్నం నురగ గాలి బయటికి పోయే గొట్టం దాకా ఎక్కింది. ఆ గొట్టం చివరి ఫిల్టరు తడిస్తే గాలికి దారి ఉండదు, పాత్రలో ఒత్తిడి పెరుగుతుంది. ప్రెషరు ముల్లు ఎర్రగీత వైపు జరుగుతోంది.

“ఆముదం పోసేత్తానండీ మేడంగారూ, ఫిల్టరు తడిసిపోద్ది,” అన్నారు వెంకట్రావు గారు, చెంబెత్తి.

“వద్దండీ. ఆ నురగ పుట్టేదే మన సరుకు వల్ల. సరుకంతా అందులోకే చేరుతుందేమో. నూనె పోస్తే నూనెకే అంటుకుపోద్ది. ఫిల్టరు ముందున్న గొట్టం విప్పి, నురగని డ్రమ్ములోకి తిప్పండి,” అన్నారు మేరీ గారు.

గొట్టం విప్పితే బయటి క్రిములు చేరవచ్చు. చేరితే బ్యాచు పోయినట్టే. ఆయన నా వంక చూశారు. నేను డ్రమ్ము దగ్గరికి లాగాను. ఆయన చెంబు కింద పెట్టి స్పానరు అందుకున్నారు.

ముల్లు మెల్లగా దిగింది. డ్రమ్ములో నురగ అణిగాక అడుగున కాసిని పసుపు నీళ్ళు మిగిలాయి. మేరీ గారు ఒక చుక్క పళ్ళెంలో వేశారు. డీజిల్ అంచులకు పారిపోయింది.

“అయితే ఆ రెండు బ్యాచులూ నేను పోసిన ఆముదమేనాండీ తినేసింది?” అన్నారు వెంకట్రావు గారు.

“పొయ్యమని రాసిచ్చింది నేనేనండీ,” అన్నారావిడ.

విభాగం నిలిచింది. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, పొంగేదాన్ని అణచమని చెప్పేముందు అది దేనివల్ల పొంగుతోందో అడిగేవాణ్ణి. చాలాసార్లు ఆ పొంగు పారబోయాల్సిందే అయ్యేది. అయినా అడగడం మానలేదు.