ఏటిసూతకంలో మంచుకొండ

మా ఆవిడ పోయిన ఏడో నెలలో, నరసరావుపేటలో ఒక షాపులోకి కుక్కర్ గాస్కెట్ కోసం వెళ్లి, వీఆర్ హెడ్‌సెట్ కొనుక్కుని బయటికొచ్చాను. గాస్కెట్ మర్చిపోయాను.

గాస్కెట్ తెమ్మన్నది మా అక్క. మాచవరం నుంచి మాసికాలకు వచ్చి వెళ్తుండేది, ఈసారి వచ్చి ఉండిపోయింది. వంటింట్లో నేనొక్కణ్ణే మాట్లాడుకుంటున్నానని పక్కింటి పిన్ని ఆమెకు ఫోన్ చేసింది. అక్క వచ్చిన రోజే సంగతి తేల్చి చెప్పింది. నేను సరిగ్గా ఉన్నానని అనిపిస్తే తను వెళ్లిపోతుంది. లేకపోతే గురజాలలోని ఈ ఇంటికి తాళం వేసి నన్ను తనతో తీసుకుపోతుంది. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే, పుస్తకం పైకి చదువుకుంటున్నానన్నాను. కాలేజీ లైబ్రేరియన్ని కాబట్టి సగం నమ్మింది.

అక్క ఇంట్లో నాకు ఏ లోటూ ఉండదు. కానీ ఈ ఇంట్లో మేమిద్దరం ఇరవై ఆరేళ్లు ఉన్నాం. వదిలి పోవడం నా వల్ల కాదు. అందుకని వారం రోజులుగా సరిగ్గా ఉన్నవాడిలా కనపడడానికి కష్టపడుతున్నాను. వేళకు తింటున్నాను. రోజూ గడ్డం గీసుకుంటున్నాను. పేపరు చదువుతూ, అక్కకు వినపడేలా ప్రభుత్వాన్ని తిడుతున్నాను.

అలాంటి వారంలో ఈ కొనుగోలు.

ఆ షాపులో ఒకవైపు సామాన్లు, ఒకవైపు టీవీలు, ఫోన్లు. అక్కడ అమ్మే అమ్మాయికి మా కాలేజీ పిల్లల వయసుంటుంది. ఊరికే చూడండి సార్, కొననక్కర్లేదు అంటూ నా కళ్లద్దాలు తీయించి ఆ డబ్బా ముఖానికి కట్టింది. నేనొక మంచుకొండ కొసన నిలబడి ఉన్నాను. కాళ్ల ముందు నేల లేదు. ఎక్కడో కింద నది దారప్పోగులా ఉంది. ఒక గద్ద నా చెవి పక్కనుంచి పోయింది. నేను కుడివైపు తిరిగి, గట్టిగానే, "ఏమే, చూశావా?" అన్నాను.

"చూశాను సార్" అంది ఆ అమ్మాయి. "టీవీలో కూడా వస్తోంది."

డబ్బా తీసేసరికి షాపులో అందరూ నన్నే చూస్తున్నారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు, నొచ్చుకోలేదు. ముక్కూ ముఖం తెలియని ఆడపిల్లను ఏమే అన్నవాడు తర్వాత ఏం చేయాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ప్యాక్ చేయమన్నాను. ధర రాయను. ఆ డబ్బుతో మా వీధి మొత్తానికి కొత్త కుక్కర్లే కొనొచ్చు.

దాన్ని బీరువాలో దుప్పట్ల కింద పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం అక్క పక్కింటికి వెళ్లగానే తీసి కట్టుకున్నాను. ఆమె తిరిగొచ్చేసరికి నేను హాల్లో చేతులు బార్లా చాపి, ఒంటికాలి మీద ఉన్నాను. ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదకు దాటుతున్నానని ఆమెకు తెలిసే వీలు లేదు. అరవలేదు. బావకు ఫోన్ చేసింది. బావ సున్నం లారీ నడుపుతాడు. లోడు పిడుగురాళ్లలోనే వదిలేసి గంటలో వచ్చాడు.

ఇద్దరూ కుర్చీలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏందిరా అందులో?" అంది అక్క.

కొండ అన్నాను.

"ఎక్కావా?"

ఎక్కానన్నాను. అప్పుడు అక్క ముఖం మారింది. అంతవరకూ ఆమె భయం నా బుర్ర గురించి. ఇప్పుడు ఇంకో కేసు వచ్చి చేరింది.

"ఏటిసూతకంలో ఉండి కొండెక్కావా? ఏడాది తిరక్కుండా ఎక్కకూడదని తెలవదా నీకు?"

"ఇంట్లోనే ఉన్నాడు కదే" అన్నాడు బావ.

"నువ్వూరుకో. మనసు ఎక్కిందా లేదా?"

ఆ సంగతి తేల్చడానికి పంతులుగారికి ఫోన్ కలిపారు. కొండ మీద దేవుడున్నాడా అని అడిగారాయన. మంచు తప్ప ఏమీ లేదన్నాను. మంచుకొండ అంటే శివుడి తావే కదా అని కాసేపు ఆలోచించారు. అందులో కాశీ కూడా వస్తుందా అని అడిగారు. ధర అడిగారు. చెప్పాక లైన్ కట్ అయిందేమో అనుకున్నాం. చివరికి, దోషం లేదు గానీ ఇంకా పైకి మాత్రం వెళ్లొద్దన్నారు.

దేవుడు ఉన్నదీ లేనిదీ తనే చూస్తానన్నాడు బావ. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి కట్టుకున్నాడు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని అరగంట కూర్చున్నాడు. తీశాక ముఖమంతా చెమట.

"దేవుడు లేడు" అన్నాడు. "రెయిలింగ్ కూడా లేదు. ఎవడు ఇచ్చాడో పర్మిషన్."

అక్క ఆయన్ను టీ తాగి రమ్మని బయటికి పంపి నా వైపు తిరిగింది. ఎందుకు కొన్నావని అడిగింది. కాలేజీ పిల్లలకు చూపించడానికని ఒకటి, కళ్లకు ఎక్సర్‌సైజని ఒకటి, రెండు జవాబులు తయారుగా పెట్టుకున్నాను. రెండూ నోట్లోంచి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఆవిడ బస్సులో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనపడ్డ ప్రతిదీ చూపించేది. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా ఊఁ అనేవాణ్ణి. ఆ రోజు షాపులో మొదటిసారి ఆమెకు చూపించడానికి నా దగ్గర ఒకటుంది, అందుకే అటు తిరిగాను అన్నాను. వంటింట్లో మాటలు కూడా ఆమెతోనే, పుస్తకం కాదు అని చెప్పేశాను. చెప్పాక, ఇక మాచవరమేలే అనుకున్నాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, నన్ను తిట్టే గొంతుతోనే అంది.

"మాట్లాడుకుంటే మాట్లాడుకున్నావు గానీ, షాపులో పిల్లల ముందు ఎందుకురా? ఇంట్లో మాట్లాడుకో."

మర్నాడు పొద్దున్నే లేచి నాకు మూడు రోజులకు సరిపడా గోంగూర పచ్చడి నూరింది. తర్వాత సంచి సర్దుకుంది. నా బట్టలు పెట్టి తీసుకుపోదామని మాచవరం నుంచి ఇంకో సంచి ఖాళీగా తెచ్చిందట. దాన్ని నాలుగు మడతలు వేసి, తన చీరల అడుగున పెట్టుకుంది. బస్టాండ్ దాకా వస్తానంటే వద్దంది.