ఎవరూ లేచి నిలబడని ఆదివారం

నంద్యాల పక్క పల్లెలో పంతులమ్మగా పనిచేసిన విశ్రాంతమ్మ అరవయ్యో ఏట, 1938లో, తొలి నవల రాసింది. గండికోట నవాబుల నాటి ఇద్దరు క్రైస్తవుల ప్రేమకథ అది.

“భక్తి చాలదా, ప్రేమెందుకమ్మా?” అన్నాడు నవల సంగతి విన్న ఊరి చర్చి పాదిరి.

“మీరు పెండ్లి చేసుకోలేదా అయ్యగారూ?” అందామె.

పడుచుతనంలో ఆమె పెళ్లి ప్రకటన చర్చిలో చదివి, అభ్యంతరముంటే చెప్పమన్నప్పుడు, సొంత అన్న యోనా లేచి నిలబడ్డాడు. వరుడు తమ కులం కాదన్నాడు. పెళ్లి ఆగిపోయింది. ఆమె ఇంకెవరినీ చేసుకోలేదు.

ఇప్పుడు చూపు పోయిన యోనాకు ఆమే నవల చదివి వినిపించింది. కథలోనూ ఒక ఆదివారం పాదిరి పెళ్లి ప్రకటన చదివాడు. యోనా చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు.

“ఎవురన్నా లేచినారామ్మా?”

“లేదన్నా. ఈతూరి ఎవురూ లేయలేదు.”