కడిగిన జొన్నలు

మా అపార్ట్‌మెంట్‌లో నాతో వాదించి నెగ్గినవాళ్లు లేరు. కింది అంతస్తు మాది, వెనక చాపంత తోట. అక్కడ పిట్టలకు గింజలు వేస్తున్నానని అసోసియేషన్ మీటింగులో ఒకాయన లేచి, "పావురాల రెట్టతో చస్తున్నామండీ" అన్నాడు. "పావురాలకి నేను శుభలేఖలు పంచలేదండీ. నేను వేసేది పిచ్చుకలకి. మన నల్లగండ్లలో పిచ్చుక కనబడ్డమే గొప్ప" అన్నాను. కూర్చున్నాడు.

ఆ వారంలోనే మా అన్నయ్య ఊరినుంచి బియ్యం తెచ్చి దింపి వెళ్లాడు. బస్తాల మధ్య ఓ గుడ్డసంచిలో నాలుగు కిలోల జొన్నలు. గులాబీ రంగులో ఉన్నాయి. పచ్చిబఠాణీకే రంగేస్తున్న రోజుల్లో జొన్నకెయ్యరా అని తిట్టుకుంటూ నాలుగైదు నీళ్లు పోసి కడిగాను. ఆరబోశాక తెల్లగా, వంటకు కొనితెచ్చుకున్నవాటిలా ఉన్నాయి. మూడు రోజులు పిట్టలకు చల్లాను. రెండో రోజు ఒక పిచ్చుక కరివేపాకు మొక్క కింద ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుని, నేను పక్కకు వెళ్లినా ఎగరలేదు. మచ్చికైందని మురిసిపోయాను.

నాలుగో రోజు పొద్దున, మిగిలినవి మా పనావిడకిచ్చాను. పాలమూరు మనిషి, వాళ్లింట్లో రోజూ జొన్నరొట్టెలే. గుప్పెడు తీసి చూసుకుని, "ఎక్కడియమ్మా?" అంది.

"మా ఊరివి. పిల్లలకి రొట్టెలు చేసిపెట్టు."

ఏదో అనబోయి, ఊరుకుని పట్టుకెళ్లింది.

మధ్యాహ్నం అన్నయ్య ఫోన్. "ఏమ్మా, విత్తనాల సంచి మీ ఇంట్లో గానీ మర్చిపోయానా?"

"ఆ జొన్నలా? పిట్టలకి వేశాను. రంగంతా కడిగి మరీ."

"అది రంగు కాదే పిచ్చిదానా, మందు! పురుగు పట్టకుండా విత్తనాలకి పట్టించే విషం. కడిగినా తినకూడదు. మనుషులెవరూ తినలేదు కదా?"

ఫోన్ కట్ చేశాను.

పనావిడ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆరుసార్లు చేశాను. స్కూటీ తీశాను. తెల్లాపూర్ దారిలో ఆమె ఉండే రేకుల గదులకు పది నిమిషాలు. దారి పొడుగునా నాకు కనబడింది పెనం మీద రొట్టె, దాని చుట్టూ ఆమె ఇద్దరు ఆడపిల్లలు. అడ్డం వెళ్లానని ఒక కారువాడు అద్దం దించి తిట్టాడు. తిరిగి తిట్టాలని కూడా తోచలేదు.

గది పక్కన ఆమె బట్టలు పిండుతోంది. పిల్లలిద్దరూ గడపలో కూర్చుని తింటున్నారు. వెళ్లి పెద్దదాని చేతిలో కంచం లాక్కున్నాను. అన్నం, పప్పు. పిల్ల బిత్తరపోయి ఏడుపందుకుంది.

"జొన్నలేవి?"

"పూడ్చిపెట్టిన అమ్మా. మందు వాసనొచ్చింది. గింజ మొన కాడ జర ఎర్రగ గూడ ఉన్నది."

కంచం మళ్లీ పిల్ల చేతిలో పెట్టాను. "పొద్దున్నే నాకు చెప్పొద్దూ?"

"చెప్తే ఇంటరా మీరు? గంటసేపు లొల్లి పెడ్తరు. నాకింక మూడిండ్ల పని ఉండె." కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆగింది. "అయితే పిట్టలకు గూడ గవ్వే ఏసిన్రా?"

తలూపాను.

"నిన్న మీ గోడ పక్కన రెండు పిచ్చుకలు చచ్చిపడి ఉండె. పిల్లి కొరికిందేమో అనుకొని పారేసిన."

ఆ సాయంత్రమంతా తోటలో మోకాళ్ల మీద పాకుతూ గింజలేరాను. మన్ను గీకి సంచులకెత్తాను. గడ్డి వేళ్ల మధ్య జొన్నగింజా, చిన్న రాయీ ఒక్కలాగే ఉంటాయి. ఎన్ని ఏరానో, ఎన్ని మిగిలాయో తెలియదు.

మర్నాడు తెల్లవారగానే తువ్వాలు పట్టుకుని అక్కడ నిలబడ్డాను. అలవాటైన వేళకి పిచ్చుకలు గోడ మీదికి వచ్చాయి. ఒకటి గడ్డిలోకి దూకింది. ఉష్ ఉష్ అని అరిచాను, తువ్వాలు విసిరాను. లేచి, అరగజం అవతల మళ్లీ వాలింది. నేనంటే దానికి భయం లేదు.