రాయి పెట్టిన చోటు

ఈ రోజు పనిగట్టుకుని ఎల్లారెడ్డిపేట దగ్గర మా మేనమామ చెలకకు వెళ్లాను. రేపు అక్కడికి బోరుబండి వస్తోంది. ఆలోగా, నీళ్లు చూసే మల్లయ్య మోసం బయటపెట్టాలని నా పంతం.

మల్లయ్య అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టి నడుస్తాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. ఒకచోట లేచింది. అక్కడ రాయి పెట్టాను. తర్వాత ఆయన కళ్లకు తువ్వాల కట్టి మళ్లీ చెలకంతా నడిపించాను. ఈసారి వేరేచోట లేచింది, రాయి దగ్గర మాత్రం కదలనే లేదు.

కట్టు విప్పి రాయిని చూపించాను. అంతటితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"మల్లన్నా, నీ సొంత చెలకల బోరు ఏసినవా మరి?"

"ఏసిన సార్. గీ తీరుగనే కాయతోని చూసుకొని ఏసిన. సుక్క పడలే. మళ్లొకటి ఏసిన, గదీ గంతే. గందుకే మస్కట్ పోతున్న, వీసా అచ్చింది."

మోసగాడైతే నాలుగు మాటలు అనేవాణ్ణి. నమ్మి మునిగినవాణ్ణి ఏమనాలి?

అంతా విన్న మామ, "మల్లయ్యా, గా రెండోసారి లేచినకాడ ఏద్దామా?" అని మళ్లీ ఆయన్నే అడిగాడు.

పరీక్షలో గెలిచింది నేనేనట. మీరైనా అభినందించండి.

మల్లయ్య నేను పెట్టిన రాయి తీసి, దానితోనే కాయ కొట్టి, మా దోసిళ్లలో తలా కొంచెం పోశాడు. ఆ చెలకలో ఈ రోజు పడ్డ నీళ్లు అవే.