స్వీకరించబడినది

ఆఫీసు క్యాబ్‌లో నాకు నిద్రా పట్టదు, పూర్తి మెలకువా ఉండదు. మణికొండలో ఎక్కిన దగ్గర్నించి హైటెక్ సిటీలో దిగేదాకా ఆ రెంటికీ మధ్య ఎక్కడో తేలుతుంటాను. అద్దాల మేడలు ఒకదానిలో ఒకటి కనిపిస్తూ పోతాయి. మబ్బులు పైన ఉన్నాయో, పదో అంతస్తులో ఉన్నాయో తెలియదు. ఆ పొద్దున కూడా అలాగే తేలుతుంటే క్యాబ్ ఆగింది. కళ్లు తెరిచేసరికి రోడ్డు మీద జనం కూర్చుని ఉన్నారు.

ఎవరూ అరవడం లేదు. పెళ్లిలో పంక్తికి కూర్చున్నట్టు వరసలుగా, కుదురుగా కూర్చున్నారు. గొడుగులు, నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బాలు. ఒకావిడ కమలాపండు తొక్క తీస్తోంది. వాళ్ల వెనక ఇళ్లు కట్టి అమ్మే ఒక కంపెనీ వారి నీలం అద్దాల ఆఫీసు, దాని గేటుకి తాళం. కలేలే అనుకుని మళ్లీ కళ్లు మూసుకోబోయాను. అప్పుడు మూడో వరసలో ఆకుపచ్చ చీర, ఆ మెడలో కొలతల టేపు కనిపించాయి. మా సందులో జాకెట్లు కుట్టే అక్క. మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చేసింది.

"ఇండ్ల కోసం ధర్నా అంట" అన్నాడు డ్రైవర్, ఇంజన్ ఆపేస్తూ. "పునాది తియ్యకముందే అమ్మిండ్రు. పైసలు తీస్కొని బోర్డు తిప్పేసిండ్రు."

మా టీమ్ లీడ్ గారు వాచీ చూసుకున్నారు. ఆయనది మా కాకినాడ వైపే. "అన్యాయం జరిగింది, కాదనను. కానీ మధ్యలో మనమేం చేశామండీ? పదింటికి కాల్ ఉంది. వెళ్లి ఆ సర్కారు ఆఫీసుల ముందు కూర్చోవచ్చుగా."

"అక్కడ కూర్చుంటే మీరు చూసేవారా సార్?" అంది వెనక సీట్లోంచి కొత్తగా చేరిన అమ్మాయి.

"తక్కువకి వస్తోందని ఎగబడితే ఇలాగే ఉంటుందమ్మా. పేపర్లు చూసుకోవద్దూ?"

"చూసుకున్నారట సార్. ప్రభుత్వం వాళ్ల పేపరే చూపించారట."

"మరి భూమిపూజకు పెద్దపెద్దోళ్లంత వచ్చిరి గద" అన్నాడు డ్రైవర్. "ఫ్లైఓవర్ కింద పిల్లర్ పిల్లర్‌కు బోర్డులే. పర్మిషన్ లేదని ఎవ్వలకు తెల్వదా?"

లీడ్ గారు నా వైపు తిరిగారు. "మీరేమంటారండీ?"

నేను నిద్ర నటించాను. ఆ పేపరు మీద ఉన్న వాక్యం రాసింది నేను.

కొన్నేళ్ల కిందటి మాట. కట్టడాలకు అనుమతులిచ్చే ఒక ప్రభుత్వ శాఖకి మా కంపెనీ వెబ్‌సైటు చేసిపెట్టింది. నా పని టెస్టింగ్. కానీ తెలుగు బాగా రాస్తానని ఆఫీసులో పేరు పడిపోయింది, పేరు పడ్డాక తప్పుతుందా, సైట్లో తెలుగంతా నా నెత్తిన పడింది. దరఖాస్తు పెట్టుకోగానే ఒక రసీదు వస్తుంది. దాని మీద "మీ దరఖాస్తు అందింది" అని రాశాను. మీటింగులో ఒక అధికారి ముఖం చిట్లించారు. "అందింది ఏంటండీ, పోస్టుకార్డు అందినట్టు? ప్రభుత్వ పత్రమన్నాక కాస్త బరువుండాలి." మూలన కూర్చున్న ఒక గుమాస్తా "మా దిక్కు ముట్టింది అంటరు సార్, అందరికి సమజైతది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన తలొంచుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు నేను గొంతు సవరించుకుని "మీ దరఖాస్తు స్వీకరించబడినది" అన్నాను. గదిలో తలలన్నీ ఊగాయి. స్వీకరించబడినది. ఎంత నిండుగా ఉందో చూడండి. తీసుకున్నామనీ అనుకోవచ్చు, ఒప్పుకున్నామనీ అనుకోవచ్చు. ఎవరు తీసుకున్నారో, ఎవరు ఒప్పుకున్నారో మటుకు ఎంత వెతికినా దొరకదు. ఆ రోజు నాకు ఇవేవీ తట్టలేదు. బిర్యానీ తెప్పించారు, తిన్నాం. పైన రాజముద్ర, కింద నా వాక్యం. ఇంటికి వచ్చాక ఫోనులో తీసి రెండుసార్లు చూసుకున్నాను కూడా.

సైటు తెరిచిన కొన్నాళ్లకి జనం అడగడం మొదలైంది. స్వీకరించబడినది అంటే పర్మిషన్ వచ్చినట్టేనా అని. ఒకరు కాదు, చాలామంది. మాట మార్చమంటారా అని శాఖకి మెయిలు పంపాం. "మార్పు అవసరం లేదు" అని జవాబు వచ్చింది. ఎందుకు అవసరం లేదో నేను అడగలేదు. పని అయిపోయినట్టు గుర్తు పెట్టి మూసేశాను. ఆ రోజు అంతకన్నా ముఖ్యమైన పని ఏముందో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

అక్క సొంతూరు నార్సింగి. వాళ్లమ్మ కలుపు తీసిన చేను ఇప్పుడు ఏ మేడ కింద ఉందో వేలు పెట్టి చూపిస్తుంది. తను మాత్రం పుట్టి బుద్ధెరిగాక కిరాయి ఇళ్లలోనే. మా సందులో ఆమె కొట్టు మూడు గోడలు, ఒక షట్టరు. పగలు కూడా బల్బు వెలగాల్సిందే. సూదిలో దారం ఎక్కించాలంటే లేచి మెట్ల మీదికి వచ్చి, ఎండకి ఎత్తిపట్టి ఎక్కించుకుంటుంది. రోజుకి ఎన్నిసార్లు లేస్తుందో లెక్కలేదు. ఆమెకి కావలసిందల్లా తూర్పున కిటికీ ఉన్న ఇల్లు. కిటికీ కింద మిషను. అంతే.

నల్లగండ్ల వైపు కట్టబోతున్నామని ఒక కంపెనీ, ప్రభుత్వం ఇచ్చిన పత్రం ఇదేనంటూ కాగితాలు పంచింది. అక్క ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు సదువుకున్నదానివి, జర సూడు చెల్లె. అసలుదేనా?"

చూశాను. రాజముద్ర కింద నా వాక్యం మిలమిలా మెరుస్తోంది. ఎంత పొంగిపోయానో చెబితే సిగ్గుచేటు. "అసలుదే అక్కా. ఈ మాట రాసింది నేనే!" అన్నాను. అక్క ముఖం విప్పారింది. "అంటే సర్కారు ఒప్పుకున్నట్టేనా?" అని అడిగింది.

"ఆఁ" అన్నాను.

ఆ "ఆఁ" నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ప్రశ్న సరిగ్గా విన్నానా? మెచ్చుకోలు మత్తులో ఉన్నానా? చేతిలో ఫోను మోగుతోందా? ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుంది. తెలియకపోవడం మటుకు కాదు. అది ఉత్త రసీదని నాకు బాగా తెలుసు.

డబ్బు కట్టేశాక అక్క ఒక ఆదివారం నన్ను నల్లగండ్ల తీసుకెళ్లింది. రేకుల ప్రహరీ, లోపల పిచ్చి తుమ్మలు, ఒక గొర్రెల మంద. అక్క ప్రహరీ పక్కన నిలబడి తల బాగా వెనక్కి వాల్చి, ఆకాశంలోకి వేలు చూపించింది. "అగో, గాడ. తొమ్మిదో అంతస్తు. గదే నా కిటికీ." నేనూ తలెత్తి చూశాను. నిజంగా కనిపించింది. గాలిలో ఒక కిటికీ, దానికి పూలపూల పరదా, పక్కన నూనె వేసిన మిషను. అక్క కళ్లతో చూస్తే ఎవరికైనా కనిపించేది. ఆ తరవాత చాలా రోజులు క్యాబ్‌లో కళ్లు మూసుకుంటే ఆ కిటికీ వచ్చేది. అక్క అందులో కూర్చుని, లేవకుండానే సూదిలోకి దారం ఎక్కిస్తుండేది.

కంపెనీ బోర్డు తిప్పేశాక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. రోడ్లు మూయడం నేరమని ఒకరు, మూయకపోతే ఎవరికి వినిపిస్తుందని ఇంకొకరు. రిటైరైన ఇంజనీరుగారు నిరసన తెలిపే హక్కు మీద పేజీడు రాశారు. దాని కిందే ఎవరో రెండో లిఫ్టు పనిచేయడం లేదని రాశారు. పోటుగాళ్లందరం తలో మాటా అన్నాం. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. కొట్టు దగ్గర అక్క మాత్రం అందరితో నా తరఫున వాదించేది. "పాపం మా చెల్లె గూడ మోసపోయింది. గంత సదువుకున్నామెకే తెల్వకపాయె, నాకేం తెలుస్తది?" ఆ మాట వినబడ్డ ప్రతిసారీ మెట్ల మీద నా కాళ్లు ఆగిపోయేవి.

ఆ తరవాత ఒక సాయంత్రం, జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి కొట్టుకి వెళ్లినప్పుడు, అక్క ఫోనులో వార్తలు వస్తున్నాయి. శాఖ తరఫున ఎవరో మాట్లాడుతున్నారు. మేం ఎక్కడా అనుమతి ఇచ్చామని చెప్పలేదు, పత్రంలో స్వీకరించబడినది అని మాత్రమే ఉంది, అంటే దరఖాస్తు చేరిందని అర్థం, ప్రజలే సరిగ్గా చదువుకోవాలి అంటున్నారు. అక్క మిషను ఆపింది.

"గదేనా దానర్థం?"

"అదే అక్కా."

"నువ్వు నాకు సదివి చెప్పిన రోజు నీకు ఎర్కేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బల్బు వెలుగులో ఆమె నా ముఖంలోకే చూస్తోంది. "తెలుసు" అన్నాను.

అక్క వంగి మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. రెండు రోజుల తరవాత నా జాకెట్టు గుడ్డ, కత్తెర తగలకుండా, వాచ్‌మన్ చేత పంపించేసింది. అప్పట్నించి మాటల్లేవు. ఆమె కొట్టు ముందు నుంచి వెళ్లలేక నేను వెనక గేటు వైపు తిరిగి క్యాబ్ ఎక్కుతున్నాను. చేసిన తప్పు కన్నా ఆ వెనక గేటు దారే నన్ను ఎక్కువ తినేసింది.

ఇదిగో, అలాంటప్పుడే ఆ పొద్దున క్యాబ్ ఆగింది. నిద్ర నటిస్తున్న నాకు డ్రైవర్ ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంది. ఎవ్వలకు తెల్వదా? నాకు తెలుసు. శాఖలో ఆ జవాబు రాసినవాళ్లకి తెలుసు. తలుపు తీసుకుని దిగాను.

"ఎక్కడికండీ? కాల్ ఉంది!" అన్నారు లీడ్ గారు.

"మీరు మాట్లాడండి" అన్నాను.

ఏసీలోంచి బయటికి వస్తే ఎండ, చెమట, కమలాపండు వాసన. మూడో వరస చివర కూర్చున్నాను. అక్క చూసింది, తల తిప్పేసుకుంది. ఆమె ఒళ్లో తెల్లటి లైనింగు గుడ్డ ఉంది, బ్యానరు కర్రలు దూర్చడానికి రెండు అంచులూ మడిచి కుడుతోంది. దారం అయిపోయింది. సూది ఎత్తి, కూర్చున్నచోటే, ఒక్క ప్రయత్నంలో కొత్త దారం ఎక్కించేసింది. నడిరోడ్డు మీద వెలుగుకేం తక్కువ? అది చూసి నాకు ఏడుపు వచ్చేసింది.

"అక్కా, ఆ మాటకి జనం మోసపోతున్నారని అప్పుడే తెలిసింది. మారుస్తామని మెయిలు పెడితే అక్కర్లేదన్నారు. నేను ఊరుకున్నాను. ఆ మెయిలు కాపీ ఇంకా ఉంది. ఇస్తాను."

అక్క దారం కొరికింది.

"కొలువు పోదా?"

"పోవచ్చు."

"భయమైతలేదా?"

"అవుతోంది."

ఆమె గుడ్డని దులిపి నా ముందు రోడ్డు మీద పరిచింది. నాలుగు మూలలా నాలుగు నీళ్ల సీసాలు పెట్టింది. నల్ల మార్కరు నా చేతికిచ్చింది.

"రాయి. పైసలు ముట్టినయ్. ఇల్లు ముట్టలే."

ముట్టినయ్. ఆ రోజు మీటింగులో తలొంచుకున్న గుమాస్తా గుర్తొచ్చాడు. ఆయన మాట విని ఉంటే ఈ వరసల్లో ఎందరు ఈపాటికి తమ పనుల్లో ఉండేవారో. మోకాళ్ల మీద వంగి గుండ్రంగా, పెద్దగా రాశాను. గరుకు రోడ్డు మీద 'ల' కాస్త వంకర పోయింది.

రాసి మార్కరు మూత పెట్టబోతుంటే అక్క ఆపింది. "కింద నీ పేరు రాయి."

"నా పేరెందుకక్కా?"

"ఎవలు రాసిండ్రో ఉండాలె గద. పోయినసారి లేకపాయె."

పోలీసులు ఒక వైపు దారి తెరిచినట్టున్నారు, మా క్యాబ్ మెల్లగా పక్కనుంచి కదిలింది. లీడ్ గారు అద్దానికి ముఖం ఆనించి నన్నే చూస్తున్నారు. వెనక సీట్లోని అమ్మాయి చెయ్యి ఎత్తింది. ఇంటి పేరుతో సహా, ఒక్కో అక్షరం రాశాను.

అక్క కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. కర్రలు దూర్చి ఒకటి తను పట్టుకుని, రెండోది నాకిచ్చింది.

"ఇగ ఎత్తు" అంది.

ఎత్తాను.