పట్ట కింద గొర్రు

డిగ్రీ అయిపోయి రెండేళ్లు ఉద్యోగం దొరక్క ఊళ్లోనే ఉన్న రోజులవి. రెండు వేల సంవత్సరానికి అటో ఇటో. మా ఊరు గార్లదిన్నె దగ్గర. చదువుకున్నవాణ్ణి కాబట్టి ఊళ్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని గట్టి నమ్మకం. దానికి ఆధారం ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.

మా వైపు బతుకంతా శనక్కాయ మీదే. వాన పడ్డాక నేలలో తడి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు నిలుస్తుంది. దాన్నే పదును అంటాం. పదునులో విత్తనం పడితే పంట, లేకపోతే బీడు. ఆ రెండు రోజులూ ఊరంతా ఒకేసారి గొర్రు కడుతుంది. ఎద్దులు గొర్రు లాగుతుంటే వెనకాల ఆడవాళ్లు నడుస్తూ గొట్టాల్లోకి గింజలు వదులుతూ పోవాలి. అంతమంది మనుషులు ఒకేసారి ఎక్కడ దొరుకుతారు? మాకున్న ఆరెకరాల్లో ఏటా ఎకరమో రెండెకరాలో అట్లా బీడు పడేది.

దీనికి నాకో ఉపాయం తట్టింది. గొర్రు మీద ఒక రేకు పెట్టె, దాని అడుగున బెజ్జాలున్న చక్రం. ఎద్దులు కదిలితే చక్రం తిరిగి గింజలు వాటంతటవే గొట్టాల్లోకి రాలాలి. ప్రపంచంలో ఇంకెవరికీ ఇది తట్టలేదనుకున్నాను. ప్రపంచమంటే నాకప్పుడు అనంతపురం దాకానే. పేపర్లో ఫోటో వేస్తే ఏ పక్కనుంచి బాగుంటానో అద్దంలో చూసుకున్నాను కూడా. ఇంకా యంత్రం తయారు కాలేదు, ఫోటోకు మాత్రం సిద్ధమైపోయాను.

గార్లదిన్నెలో రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు పెట్టుకున్న భాయ్ ఒకాయన ఉండేవాడు. పని చెప్పకముందే ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

"ఎవురికీ చెప్పగూడదు భాయ్. మీ ఇంట్లో కూడా."

"నాకేం పనప్పా చెప్పేదానికి. ఒట్టంటే ఒట్టే," అన్నాడు.

ఆయన మాట మీద నిలబడే మనిషి. నా కొంప ముంచింది ఆ గుణమే.

యంత్రాన్ని ఇంటికి తెచ్చి, కొట్టంలో పెట్టి, టార్పాలిన్ పట్ట కప్పాను. దారిన పోయేవాళ్లు ఏముండాదప్పా ఆడ అని అడిగితే కోళ్లగూడు అని చెప్పేవాణ్ణి. మా ఇంట్లో ఒక్క కోడీ లేదు. లేని కోళ్లకు గూడు కట్టించినాడు, పాపం చదువెక్కువైంది అని ఊళ్లో చెప్పుకున్నారట.

మా నాయన ఒక్కడే నన్ను నమ్మాడు. చదువుకున్న కొడుకు కదా అని, విత్తేదానికి ముందే మాట్లాడిపెట్టుకున్న కూలీలను వేరేవాళ్లకు వదిలేశాడు. ఒక్క మాట మాత్రం అడిగాడు.

"వాన రాకముందే ఒకతూరి ఉత్త నేలలో తోలి చూస్తే పోలేదా?"

"ఎవురన్నా చూస్తారు నాయనా," అన్నాను.

వాన వచ్చింది, మంచి వాన. తెల్లారి చేలో పట్ట తీసి, ఎద్దులు కట్టి బయలుదేరాం. చుట్టూ చేలవాళ్లంతా పని ఆపి చూస్తుంటే నా ఛాతీ చొక్కాలో పట్టలేదు. రెండు సాళ్లు పోయాక నాయన వంగి, వేలితో మట్టి తీసి చూశాడు.

"ఏంరా ఇది, పిండి పడతాంది?"

చక్రానికీ పెట్టెకూ మధ్య గింజ నలిగిపోతోంది. సుత్తితో కొట్టాను, ఆకురాయితో అరగదీశాను. సగం మూట విత్తనం పొడి అయింది. నాయన కూలీల కోసం ఊరంతా తిరిగి ఒట్టి చేతులతో వచ్చాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు పొద్దున్నే ఎవరిదో ట్రాక్టర్ పోతుంటే అందులో యంత్రాన్ని వేసుకుని షాపుకు పోయాను. సిగ్గు లేకుండా దానికి మళ్లీ పట్ట కప్పే. అక్కడ పక్క ఊరి రైతు ఒకాయన భాయ్‌తో గొడవ పడుతున్నాడు. ఆయన పక్కన గోనెసంచులు కప్పిన సామాను ఒకటి ఉంది.

"నీదేందప్పా?" అని అడిగాడు నన్ను.

"కోళ్లగూడు. నీదేందన్నా?"

"నీళ్ల తొట్టి."

భాయ్ నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు. "నేనైతే ఏమీ చెప్పలే. ఇద్దురూ ఆ ముసుగులు తీయండి," అన్నాడు.

తీశాం. రెండూ ఒకటే యంత్రం. ఆ రైతు తన చక్రం చుట్టూ సైకిలు ట్యూబు ముక్క వేయించుకున్నాడు. గింజ నలగలేదు. కానీ నేలను చీల్చే గొర్రు పళ్లు పొట్టివి, విత్తనం పైపైనే పడి పిట్టల పాలైంది. నా పళ్లు సరైన లోతుకు దిగేవి, గింజే పిండి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ట్యూబు వేస్తే నలగదని నీకు తెలుసు. నాకెందుకు చెప్పలే భాయ్?"

"చెప్పొద్దని నువ్వు ఒట్టు పెట్టించుకుంటివి. ఈయప్ప కూడా పెట్టించుకునె. ఇద్దురి మాటా నిలబెట్టినా. తప్పు చేసినానా?"

ఇద్దరం పనిలో దిగాం. ఆ రైతు ట్యూబు ముక్క నాకు కోసి ఇచ్చాడు, నా పళ్ల కొలత నేను ఆయనకు ఇచ్చాను. తర్వాతి ఏళ్లలో ఆ షాపు ముందు నిలబడి ఎవరెవరో ఏదేదో కలిపారు. ఒకాయన శనక్కాయ మధ్యలో వేసే కందిసాలుకు వేరే గొట్టం పెట్టించాడు. ఒకామె పెట్టెకు మూత ఎటు తెరుచుకోవాలో చెప్పింది. నా జన్మలో నాకు తట్టేవి కావు అవి. ఎవరూ ఎవరి చేతా ఒట్టు వేయించుకోలేదు. ఇప్పుడు అది ఎవరు కనిపెట్టారంటే మా వైపు ఎవరూ చెప్పలేరు, నేను చెప్పినా నమ్మరు.

ఆ రోజు మధ్యాహ్నం దాటాక యంత్రంతో చేను చేరాను. నాయన ఎద్దులకు కాడి కట్టి, గట్టు మీద నాకోసం కాచుకుని ఉన్నాడు. షాపులో జరిగిందంతా చెప్పాను. పొద్దున్నుంచీ గాలి ఆగకుండా వీస్తూనే ఉంది. ఆయన చేత్తో మట్టి తవ్వాడు. బెత్తెడు లోతుకు పోయినా పొడే, పదును ఆరిపోయింది. అయినా లేచి వచ్చి యంత్రం చక్రం తిప్పి, నాలుగు గింజలు వేసి చూశాడు. నాలుగూ చెక్కుచెదరకుండా కింద పడ్డాయి.

"బాగ చేసినారురా," అన్నాడు. మనసారా అన్నాడు, నేను తలెత్తలేకపోయాను. "ఇద్దురూ కూడుకుంటే ఎంతసేపు పట్టింది?"

"ఒక పూట నాయనా."

"ఒక పూట," అని తనలో తను అనుకుని, ఆరెకరాలూ ఒకసారి చూసి, కాడి విప్పి ఎద్దులను ఇంటికి తోలుకుపోయాడు. ఆ ఏడు మళ్లీ పదును వాన పడలేదు, ఆ చేలో ఒక్క శనక్కాయ మొక్క మొలవలేదు.